పంతులుగారు కత్తిరించిన పేర్లు

చింతలదుర్గం ఏలిన పెద్దిభూపాలుడికి నలభై ఏనుగులుండేవి. ఒక్కదాని మొహమైనా ఆయన గుర్తుపట్టలేడు. అయినా ఒకరోజు నిండుసభలో ఆయనకు ఏనుగులమీద మమకారం పుట్టుకొచ్చింది.

"ఒక ఏనుగు సంగతి తెలియాలంటే మూడు పుస్తకాలు తిరగెయ్యాలా? వయసు ఒకచోట, మావటి పేరు ఒకచోట, వైద్యుడు రాసే గుణదోషాలు ఇంకోచోట! దసరా ఊరేగింపులోపు అన్నీ ఒకే పట్టికలో కనబడాలి" అన్నాడు.

రాయసం నరహరి పంతులు లేచాడు. కోటలో రాతపనులన్నిటికీ ఆయనే పెద్ద. ఆయన దస్తూరి ముత్యాల కోవ. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని రోజుకు నాలుగుసార్లు ఆయనే గుర్తుచేసేవాడు.

"మూడురోజులు చాలు ప్రభూ!"

మూడు పుస్తకాల్లోనూ నలభై వరసలే. ప్రతిదానిలోనూ మొదట ఏనుగు పేరే. ఒకే పేరు మూడుసార్లు కనబడితే అసహ్యంగా ఉంటుందని పంతులు రెండు పుస్తకాల్లోంచి పేర్లను నిలువునా కత్తిరించి పారేశాడు. మిగిలిన కాగితాలు పక్కపక్కన పెట్టి పట్టుదారంతో కుట్టించాడు. చుట్టూ జరీ అంచు కూడా వేయించాడు.

తంటా ఏమిటంటే, మొదటి పుస్తకంలో ఏనుగులు కోటకు వచ్చిన వరసలో ఉన్నాయి. మావటీల పుస్తకం వాళ్ల ఇళ్ల వరసలో ఉంది. వైద్యుడిది ఏనుగుసాలలో కట్టుకొయ్యల వరస. పంతులు ఏనుగుసాల గడప తొక్కిన పాపాన పోలేదు.

కత్తిరించిన చీలికలు నేలమీద పడి ఉంటే, రాజుగారి తాంబూలపు సంచి మోసే గవరయ్య ఏరుకున్నాడు.

"ఇవి అక్కర్లేదా పంతులుగారూ?"

"చెత్త! వక్కలు పొట్లం కట్టుకో."

పట్టిక చూసి రాజు మురిసిపోయాడు. వేలు పెట్టి చదివాడు. "మాలచ్చి: ఇద్దరిని తొక్కింది. దగ్గరికి పోరాదు. ఆహా! రేపే దాన్ని అడవికి తోలండి. భీముడు: పసిపిల్లలు ఎక్కినా పలకదు. దసరాకు అంబారీ దీనిమీదే కట్టండి."

సాయంత్రానికి మాలచ్చి మావటి ఎల్లమంద వచ్చి గవరయ్య కాళ్లు పట్టుకున్నాడు.

"అన్నా, నా మాలచ్చి చీమ కనబడితే అడుగు పక్కకేస్తది. ముప్పై ఏళ్లు నా చేతిముద్ద తిన్నది, అడివిలో ఏం తిని బతుకుద్ది? తొక్కింది ఆ భీముడన్నా!"

"పంతులుగారికి చెప్పావా?"

"చెప్పా. కాయితం చూపిచ్చి పొమ్మన్నాడు."

గవరయ్యకు ఒళ్లు మండింది. అయినా తెల్లారి సభలో నవ్వుతూ చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇంత గొప్ప పట్టిక చేసిన పంతులుగారికి సన్మానం జరగొద్దా? అంబారీ ఏనుగుమీద మొదట ఆయన్ని ఎక్కించి కోట చుట్టూ తిప్పండి."

పంతులు శాలువా సవరించుకున్నాడు. రాజు, సభ అంతా పట్టికతో సహా ఏనుగుసాలకు కదిలారు.

అక్కడ భీముడు నాలుగు గొలుసుల మధ్య ఊగిపోతున్నాడు. చెంపల మీద మదం కారుతోంది. కట్టుకొయ్య సగం పైకి లేచింది. మావటీలు గోడెక్కి కూర్చున్నారు.

"ఎక్కండి పంతులుగారూ! పసిపిల్లలు ఎక్కినా పలకదు. మీ దస్తూరే కదా" అన్నాడు గవరయ్య.

"అది... అది నామీదికి వస్తోందయ్యా!"

"ఏనుగుకు చదువు రాదు పంతులుగారూ. మీరే ఒకసారి చదివి వినిపించండి."

భీముడు ఘీంకరించాడు. పంతులు శాలువా అక్కడే వదిలేసి, పరుగున పోయి, అవతల గడ్డి మేస్తున్న ఏనుగు కాళ్ల మధ్య దూరాడు. ఆ ఏనుగు తొండంతో ఆయన వీపుమీది దుమ్ము మెల్లగా దులిపింది.

"ఏ ఏనుగది?" అన్నాడు రాజు.

"మాలచ్చి ప్రభూ" అన్నాడు ఎల్లమంద.

"ఇద్దరిని తొక్కిన మాలచ్చేనా!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. గోడమీది మావటీలూ పగలబడి నవ్వారు. అప్పుడు గవరయ్య సంచిలోంచి రెండు చీలికలు తీసి పట్టికలో వాటి చోట్ల పెట్టాడు. "ఇద్దరిని తొక్కింది" అన్న వరస పక్కన భీముడి పేరు వచ్చి కూర్చుంది.

"పేరును బట్టి కలపాలి ప్రభూ. కాగితం పక్కన కాగితం కుడితే ఒకరి పాపం ఇంకొకరికి అంటుకుంటుంది."

"పంతులు పారేసినవి నువ్వెందుకు దాచావు?" అన్నాడు రాజు.

"వక్కలకని తీశాను. చూస్తే పేర్లున్నాయి. చింపడానికి చెయ్యి రాలేదు."

రాజు తన బంగారు కడియం తీసి గవరయ్య చేతికి తొడిగాడు. దసరా అంబారీ మాలచ్చికిచ్చాడు. కొత్త పట్టిక పూర్తయ్యేదాకా పంతులు పీట ఏనుగుసాలలోనే వెయ్యమన్నాడు.

"భీముడి ఎదురుగానా ప్రభూ?" అన్నాడు గవరయ్య.

మాలచ్చి కాళ్ల మధ్యనుంచి పంతులు గొంతు వినబడింది.

"వద్దయ్యా, నాకు ఇక్కడే బాగుంది!"