నోరు మాత్రం కదుపు

భుజంగరావు మాస్టారిని ప్రశ్న అడగదలచుకున్నవాళ్ళు తీరిక చేసుకుని వెళ్ళాలి. ఆయన నోటితో జవాబు చెప్పడం అరుదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని అయ్యేలోగా జవాబు దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే మరో ఆదివారం రావలసిందే. పాట మధ్యలో ఎందుకు పరుగెత్తుతున్నానో తెలియడంలేదని మొరపెట్టుకున్న ఒక శిష్యుడి చేత ఆయన సామర్లకోట బజారంతా కూరల సంచీ మోయించారని చెప్పుకుంటారు. నెమ్మదిగా నడిచే మాస్టారి పక్కన, ఆయన్ని దాటిపోకుండా, వెనకబడకుండా నడిచి ఇంటికి చేరేసరికి ఆ శిష్యుడికి విషయం బోధపడిందట. సంచీ మోయించినందుకు అలిగి పాఠం మానేసినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇవన్నీ తెలిసిన మనిషే సుభాషిణి. పదేళ్ళ వయసులో ఆయన దగ్గర సరళీస్వరాలు మొదలుపెట్టి, కచేరీలు చేసేదాకా ఎదిగిన శిష్యురాలు. ఇప్పుడు కాకినాడలో ఒక ప్రైవేటు బళ్ళో ఒకటి నుంచి ఐదో తరగతి వరకూ పిల్లలకి సంగీతం చెబుతోంది. ఆ ఆదివారం పొద్దున్నే బస్సు దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచిన తీరులోనే ఆమె కోపం కనబడింది. ఒకటి అరుగు మీద పడింది, ఒకటి మెట్ల కింద పడింది.

“ఏవమ్మా, కాఫీ తాగుతావా?” అన్నారు మాస్టారు.

“నాకు కాఫీ వద్దండీ. ఆ బళ్ళో ఇంకొక్క రోజు పనిచేస్తే నాకు పిచ్చెక్కుతుంది” అంది సుభాషిణి.

ఆమె కోపంలో అన్యాయం ఏమీ లేదు. ఆ బడి కరస్పాండెంటు గారు ఆమధ్య హైదరాబాదు వెళ్ళి, ఏదో పెద్ద హోటల్లో నాయకత్వం మీద శిక్షణ పొంది వచ్చారు. పొందింది ఆయన, అనుభవిస్తున్నది టీచర్లు. వారం వారం మీటింగు పెట్టి, టీచరంటే లీడరనీ, లీడరన్నవాడు సాకులు చెప్పడనీ, రిజల్టు చూపిస్తాడనీ వాయించేస్తున్నారు. వాయించి ఊరుకున్నా బాగుండేది. సంగీతం గదిలో గోడంత తెర ఒకటి బిగించారు. పిల్లలు ఒక్కొక్కరే దాని ముందు నిలబడి మైకులో పాడాలి. స్వరం సరిగ్గా పడితే తెర మీద పచ్చబొమ్మ నవ్వుతుంది, నక్షత్రాలు రాలతాయి. తప్పితే ఎర్రబొమ్మ మొహం ముడుచుకుంటుంది. ఏడెనిమిదేళ్ళ పసిది పాడితే విని మొహం ముడుచుకునే హక్కు మనుషులకే లేదు, ఆ అద్దం ముక్కకి ఎవరిచ్చారో కరస్పాండెంటు గారే చెప్పాలి.

“ఇదివరకు పాట అయ్యీ అవగానే పిల్లలు నా మొహంలోకి చూసేవారండీ. ఇప్పుడు తెరకేసి తిరుగుతున్నారు. నక్షత్రాలు రాలకపోతే రెండో చరణం పాడనంటున్నారు. వచ్చే వారం వార్షికోత్సవం. బృందగానానికి కూడా తల్లిదండ్రుల ఎదురుగా తెర పెట్టి మార్కులు చూపిస్తారట. తక్కువొస్తే నేను లీడర్ని కానట! పదిహేనేళ్ళు సాధన చేసిన గొంతు నాది. నన్ను ఒక బొమ్మ మొహం చూసి తూకం వేస్తారా?”

మాస్టారు గోడకి చేరగిలబడి వింటున్నారు.

“దానికితోడు ఆ లిఖిత ఒకత్తి” అంది సుభాషిణి, ఇంకా వేడి తగ్గకుండానే. “మూడో తరగతి. అది పాడినప్పుడల్లా ఎర్రబొమ్మే. ఎంత చెప్పినా గొణుగుడే తప్ప గొంతు బయటికి రాదు. దాని ఒక్కదాని వల్ల బృందగానంలో అందరి మార్కులూ పడిపోతున్నాయి. చివరికి వెనక వరసలో నిలబెట్టి, నువ్వు పాడకు, నోరు మాత్రం కదుపు అని చెప్పాను. ఏడ్చిందా? లేదు. ఎందుకండీ అని అడిగిందా? అదీ లేదు. తలూపి వెళ్ళి నిలబడింది. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి, పిల్ల పాటలు మానేస్తానంటోంది, బొమ్మలేసే క్లాసులో కూర్చోబెట్టండి అంది. రేపు నేను సరేనంటే ఆ పిల్ల ఇంక సంగీతం గది గడప తొక్కదు. కరస్పాండెంటు గారైతే పీడా పోతుందన్నారు. నాకే ఎందుకో మనసొప్పక మీ దగ్గరికొచ్చాను. ఆసక్తి లేని పిల్లకి ఆసక్తి ఎలా పుట్టించాలండీ? మీరు చెప్పందే నేనిక్కణ్ణించి కదలను.”

“ఆ తెరకి శ్రుతి ఎవరు పెట్టారు?” అని అడిగారు మాస్టారు.

“నేనేనండీ. ఏ ఎత్తులో పాడించాలో మొదటిరోజే అడిగింది. నా శ్రుతి పెట్టాను. పాఠం చెప్పేది నేనే కదా!”

“ఊఁ” అన్నారు మాస్టారు. “పిల్లలొచ్చే వేళైంది. ఇవాళ నువ్వు కూడా వాళ్ళలో కూర్చుని పాడు.”

సుభాషిణికి ఒళ్ళు మండింది. తను అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి? అయినా గురువు మాట కాదనే అలవాటు ఆమెకి లేదు. పైగా, ఇన్నాళ్ళ తర్వాత మాస్టారి ఇంట్లో పాడటమంటే ఎక్కడో లోపల సరదాగా కూడా ఉంది. తను గొంతెత్తితే ఈ పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారని ఆమెకి తెలుసు. కొంగు సర్దుకుని చివరి చాప మీద కూర్చుంది.

మాస్టారింట్లో ఆదివారం పాఠానికి ఒక పద్ధతుంది. సుభాషిణి పెద్దదై వెళ్ళిపోయాక ఆయన పెట్టుకున్నది, అందుకని ఆమె ఎరగదు. ఆయనకి యంత్రాలంటే పడదని కాదు. తంబురా మీటే ఓపిక తగ్గాక కరెంటుతో పలికే శ్రుతిపెట్టె ఆయనే కొనుక్కున్నారు. కానీ అది ఆయన ముందుండదు. వారానికొక పిల్ల ముందుంటుంది. ఆ పిల్ల తన గొంతుకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి మర తిప్పుతుంది. ఆ రోజుకి అందరూ, మాస్టారితో సహా, ఆ ఎత్తులోనే పాడాలి.

ఆ వారం వంతు ఝాన్సీది. అందరిలోకీ చిన్నపిల్ల. పేరు చెప్పమంటే రెండోసారి అడగవలసివచ్చేంత చిన్నగా చెబుతుంది. పెట్టె ముందు మఠం వేసుకుని కూర్చుని, మర కొంచెం తిప్పి, లోపల్లోపల పాడి చూసుకుని, తల అడ్డంగా ఊపి మళ్ళీ తిప్పింది. అది కుదిరేదాకా ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి “ఇక్కడండీ” అంది.

“సరే. నువ్వెక్కడుంటే మేమూ అక్కడే” అన్నారు మాస్టారు.

అది పెద్దవాళ్ళ గొంతులకి బాగా ఎత్తైన శ్రుతి. వాన మీద మాస్టారే కట్టిన చిన్న పాట ఎత్తుకున్నారు. పెట్టె ముందు కూర్చున్న ఝాన్సీ గొంతు, పేరు చెప్పడానికి కూడా చాలని ఆ గొంతు, గదంతా వినబడింది. మాస్టారి గొంతు మాత్రం పైస్థాయికి వెళ్ళేసరికి కిర్రుమంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఆపకుండా అలాగే కిర్రుమంటూ పాడారు. సుభాషిణికి తల కొట్టేసినట్టయింది. జిల్లా అంతా గౌరవించే మనిషి పసిపిల్లల ముందు ఇలా నవ్వులపాలు కావడం ఏమిటి? చెప్పేవాడికి ఆమాత్రం బింకం ఉండాలని ఆమె అభిప్రాయం.

ఆమె ఇలా అనుకుంటుండగానే రెండో చరణంలో పాట పైకి వెళ్ళింది. సుభాషిణి గొంతు కూడా పగిలింది. గట్టిగా ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. మళ్ళీ పగిలింది. ఈసారి పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూసిన మాట నిజమే గాని, ఆమె అనుకున్నందుకు కాదు.

మాస్టారు చెయ్యెత్తి పాట ఆపించారు.

“సుభాషిణీ, నువ్వు పాడకు. నోరు మాత్రం కదుపు.”

ఆమెకి చెవులు వేడెక్కాయి. ఝాన్సీ వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూసి, మర మీద చెయ్యి వేసింది.

“మాస్టారండీ, ఆంటీ గారికి అందట్లేదు. కొంచెం దించనాండీ?”

“వద్దమ్మా” అన్నారు మాస్టారు. “ఆవిడకి ఆసక్తి లేదు.”

సుభాషిణి తలూపింది. అంతమంది పిల్లలు చూస్తుండగా తలూపడం తప్ప ఇంకేం చెయ్యాలో ఆమెకి తోచలేదు. పాట మళ్ళీ మొదలైంది. చుట్టూ అందరూ పాడుతుంటే ఆమె పెదవులు మాత్రం కదిపింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఇంత అవమానం ఆమె ఎన్నడూ ఎరగదు. పాడి తప్పినా, సభలో జనం లేచిపోయినా ఇంతలా ఉండేది కాదు. లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ పిల్లలు పాఠం అయిపోయిందని లేచి, చాపలు చుట్టి, చెప్పులు వెతుక్కుని వెళ్ళేదాకా తల దించుకుని అలాగే కూర్చుంది.

ఆఖరి పిల్ల గేటు దాటగానే ఆమె కోపం కట్టలు తెంచుకుంది.

“ఏమిటండీ ఇది? మీ దగ్గర కూర్చున్న దగ్గర్నుంచి ఒక్కనాడు మీకెదురు చెప్పానా? నా గొంతు ఎంతవరకు వెళ్తుందో మీకన్నా ఎవరికి తెలుసు? ఆ ఎత్తు నాకందదని మీకు తెలీదా? పెట్టె తిప్పింది ఇంకొకళ్ళు, శిక్ష నాకా? మీ గొంతు కిర్రుమనలేదా, మీరు పాడటం మానేశారా? పోనీ, అందలేదు, సరే. దించితే పాడేదాన్ని కదా! ఆ చంటిపిల్లకున్న జాలి మీకు లేకపోయింది. పైగా ఆసక్తి లేదంటారా? ఎవరికండీ ఆసక్తి లేనిది? పాట లేకపోతే అన్నం సయించదు నాకు! అంతమంది పిల్లల్లో నన్ను నోరు కదుపుతూ కూర్చోబెడతారా? నేను ఊరుకుంటే నాకు పట్టలేదనుకున్నారా? లోపల ఎంత మండిపోయిందో మీకేం తెలుసు? నేను మనిషిని కానా?”

కళ్ళలో నీళ్ళు తిరిగితే మాస్టారు చూడకూడదని పక్కకి తిరిగి, మళ్ళీ చూస్తే చూడనీ అని ఇటే తిరిగింది. శ్రుతిపెట్టె ఇంకా మోగుతూనే ఉంది. మాస్టారు నెమ్మదిగా వంగి దాన్ని ఆపారు.

“లిఖితకి ఇన్ని మాటలు రావమ్మా” అన్నారు.