గురువారం ఇడ్లీపిండి

"నా కార్యక్రమం పనిచేసిందనడానికి ఇంకేం రుజువు కావాలి మేడం?"

హిమజ ఈ ప్రశ్న అడిగేటప్పటికి మెట్లు రెండేసి ఎక్కొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఒంటిని చూసుకుని కుమిలిపోవడం, సన్నబడాలని తిండి మానేయడం కాలేజీ పిల్లలకు అలవాటు కాకముందే ఆపాలన్నది ఆమె పరిశోధన. ఆరు వారాలుగా ప్రతి గురువారం మధ్యాహ్నం మహిళా కళాశాల హాస్టల్లో అరవై మంది అమ్మాయిలను కూర్చోబెట్టి మాట్లాడిస్తోంది, నవ్విస్తోంది, అప్పుడప్పుడు ఏడిపిస్తోంది కూడా. "నా శరీరం నాకు నచ్చింది" అన్న వాక్యానికి మొదటివారం పదకొండు మంది అవునన్నారు. ఇప్పుడు యాభై రెండు మంది! సోమవారం ప్రిన్సిపాల్ గారు సంతకం పెడితే ఇదే పద్ధతి మరో పన్నెండు హాస్టళ్లకు వెళ్తుంది. పిల్లకు కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఆమె గురువు వైదేహి గారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు బొత్తిగా లేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, అడిగినవాళ్లను ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతారు.

"రేపు గురువారమే కదా, పొద్దున్నే హాస్టల్ మెస్‌కి రా. టిఫిన్ చేద్దాం," అన్నారు.

"వస్తాను గానీ టిఫిన్ వద్దు మేడం, రేపు సెషనుంది," అంది హిమజ. తనన్న ఆ మాటను హిమజే పట్టించుకోలేదు. వైదేహి గారు పట్టించుకున్నారు.

మర్నాడు ఎనిమిదింటికి మెస్‌లో బల్లలన్నీ ఖాళీ. ఓ మూల నలుగురమ్మాయిలు ఉత్త టీ తాగుతున్నారు. పొయ్యి మీద ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి.

"పిల్లలేరి పైడమ్మా? పరీక్షలా?" అని అడిగింది హిమజ.

వంటమనిషి పైడమ్మ గరిటె దించకుండానే చెప్పింది. "పరీచ్చలేటమ్మా, గురువారం కదా! మద్దేన మీ మిషనెక్కాల గదా ఆల్లు. ముందర రొండు వారాలు ఇడ్లీలు పారబోసినాను. అప్పట్నుంచి గురువారానికి సగం పిండే రుబ్బుతన్నాను."

మిషనంటే బరువు తూచే యంత్రం. పరిశోధన పక్కాగా ఉండాలని హిమజ ప్రతి సెషన్‌కి ముందు అందరినీ దానిమీద నిలబెట్టి, అంకెను ఎవరికీ చూపకుండా రాసుకునేది. ఎవరూ భయపడకూడదని అందరికంటే ముందు తనే ఎక్కేది. ఆ ఏర్పాటంటే ఆమెకు లోలోపల గర్వం కూడా.

ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ పిల్లల కడుపు మాడ్చింది తనే. తాపీగా రెండు ఇడ్లీలు తిని, కారప్పొడి మరికాస్త వేయించుకుంటున్న గురువుగారి మీద కూడా ఒళ్లు మండింది.

ఆ మధ్యాహ్నం సెషన్ జరపలేదు. సోమవారం తనే వెళ్లి ప్రిన్సిపాల్ గారిని సంతకం ఆపమంది. బుధవారం రాత్రి భోజనాలప్పుడు అమ్మాయిల ముందు నిలబడి, "తప్పు నాది. మిషను స్టోర్‌రూమ్‌కి పోయింది, మళ్లీ రాదు," అని చెప్పింది. వెనక బల్ల నుంచి ఎవరో ఈల వేశారు.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి వైదేహి గారి గది తలుపు దడాల్న తెరుచుకుంది.

"మేడం! పిండి అయిపోయింది! రెండోసారి వడ్డించమని గిన్నెలు కొడుతున్నారు మేడం! 'ముందే సెప్పొద్దేటమ్మా' అని పైడమ్మ గరిటె పట్టుకుని నా మీదికొచ్చింది. ఇప్పుడు ఉప్మా కలుపుతోంది, అదీ చాలేట్టు లేదు!" హిమజకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

వైదేహి గారు కళ్లద్దాలు తీశారు. "నువ్వు తిన్నావా?"

"నేనా? ఇవాళ గురువారం కదా మే..." అని, తన మాట తనకే వినిపించి, హిమజ ఆగిపోయింది.

గురువుగారు తన టిఫిన్ డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపారు.

"కాగితాల్లో అరవై మంది అని రాశావు. అరవై ఒక్కరని దిద్దుకో."