కదిపి చూసిన మర

భ్రమరాంబ గారికి ఒక అలవాటుంది. శిష్యులు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో ఉన్న పని కానిస్తారు. పన్ను పోయిన చోట దవడ ఎముకలో కొత్త పంటికి వేరులా బిగించిన టైటానియం మరను, అంటే స్క్రూను, ఒళ్ళు ఎలా తనలో కలుపుకుంటుందన్నది, ఆ దంత వైద్య కళాశాలలో ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పరిశోధన.

హైమవతి ఆవిడ దగ్గర పరిశోధనకు చేరి మూడేళ్ళు. ఆ ఉదయం ఆమె అడిగింది మాత్రం ఎముక గురించి కాదు.

"కన్నకూతుర్ని ఎలా ఉన్నావని అడగడం తప్పా మేడమ్?"

రెండు నెలల క్రితం స్కూటర్ ప్రమాదంలో హైమవతి కూతురు ప్రణతి బతికింది. వెనక కూర్చున్న స్నేహితురాలు బతకలేదు. అప్పటినుంచీ ఆ పిల్లకు మాట తగ్గిపోయింది. హైమవతికి కాలు నిలవదు. తిన్నావా, నిద్ర పట్టిందా, ఏమాలోచిస్తున్నావ్, ఇప్పుడు కాస్త నయమా? గంటకోసారి. నిన్న ప్రణతి "వదిలెయ్యమ్మా నన్ను" అని, తింటున్న కంచం ముందునుంచి లేచిపోయింది.

భ్రమరాంబ గారు చేతి తొడుగులు వేసుకుంటూ, "పైడమ్మను లోపలికి పిలువు" అన్నారు.

పైడమ్మ ఆరు వారాల క్రితం కింది దవడలో మర పెట్టించుకుంది. కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. డాక్టరమ్మ పరికరంతో ఇలా తాకారో లేదో, మర ఊగింది.

"ఏం తిన్నావ్?"

"గెంజే తల్లీ. మీరు సెప్పినట్టే."

"దీన్ని ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుంటే ఎలాగమ్మా! పట్టిందో నేదోనని పొద్దున ఓపాలి, మాపటేల ఓపాలి ఏలుతో కదిపి సూసుకున్నాను. ఊడిపోద్దేమోనని బయం. మా ఇంటాయన్నైనా ఇంత కనిపెట్టి సూసుకోనేదు."

హైమవతికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

మత్తు ఇచ్చాక మర పెద్దగా లాగకుండానే వచ్చేసింది. దాన్ని అంటుకుని ఉన్నది మెత్తటి పొర. ఎముక కాదు. ఇలాంటివి హైమవతి మైక్రోస్కోపు కింద ఎన్నో చూసింది. కుదురు లేని చోట ఎముక పెరగదని తన చేత్తోనే రాసింది కూడా. అయినా ఆ మర పెట్టిన పళ్ళేన్ని దీపం కిందికి జరిపి మళ్ళీ చూసింది.

"అయితే సూసుకోకూడదా తల్లీ?" పైడమ్మ మొహం చిన్నబోయింది.

"చూసుకో. అద్దంలో చూసుకో. నేను రమ్మన్న రోజున రా, నేనూ చూస్తాను. కదపకు. ఈ గాయం మానాక మళ్ళీ పెడతాను."

పైడమ్మ వెళ్ళిపోయింది. హైమవతి ఆ పళ్ళెం ఇంకా కింద పెట్టలేదు.

"ఈసారి ఎముక పట్టుకుంటుందా మేడమ్?"

"ఎముక బతికే ఉంది కదా."

"పట్టేదాకా... నేనేం చెయ్యాలి?"

భ్రమరాంబ గారు తొడుగులు తీసేసి, కొళాయి తిప్పి, చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

"పక్క పళ్ళు ఏం చేస్తాయమ్మా?" అన్నారు. "మర పట్టేదాకా దాని వంతు కూడా అవే నములుతాయి."