అతుకులమ్మ గోడ

సోమిదిపాడు ఊరి బయట ఎర్రవాగు ఒడ్డున వెలసిన అతుకులమ్మ తల్లికి విగ్రహం లేదు. ఒడ్డు వెంట సాగే ఇటుక గోడే అమ్మవారు. ఆ గోడలో ప్రతి సందుకూ కుంకుమబొట్టు ఉంటుంది.

పూర్వం ఇక్కడ ఏటా వాగు పొంగి ఊళ్ళోకి వచ్చేది. అడ్డుగోడ కట్టమని ఎగువ వీధి వారూ దిగువ వీధి వారూ పోతులయ్య అనే తాపీ మేస్త్రిని పిలిచారు. ఇటుకల పేర్పులో అతనికి తెలియని తీరు లేదు. ఒక వరుస పొడుగ్గా, మరో వరుస అడ్డంగా వేసేది ఒకటి. ఒకే వరుసలో పొడుగూ అడ్డమూ మార్చి మార్చి వేసేది ఇంకొకటి. తీరు ఏదైనా నియమం ఒక్కటే. కింది రెండిటుకల సందు మీద పై ఇటుక నడుము పడాలి. సందు మీద సందు వచ్చిందా, గోడ పాత గుడ్డలా చిరుగుతుంది.

చిక్కంతా గోడ మధ్యలో వచ్చింది. రెండు వీధులకూ తరాల పగ. "సగం మాది, సగం వాళ్ళది. మా ఇటుక మీద వాళ్ళ ఇటుక ఎక్కడానికి వీల్లేదు" అన్నాడు ఎగువ వీధి పెద్ద సన్యాసప్ప. అవతలివారిదీ అదే మాట.

"బాబూ, నీళ్ళకు మీ వీధి, వాళ్ళ వీధి తెలుస్తుందా?" అన్నాడు పోతులయ్య.

"నీకు తెలిస్తే చాలు. చెప్పింది కట్టు."

సున్నం కలుపుతున్న అతని భార్య గవరమ్మ నవ్వింది. "అడుగు నుంచి పైదాకా ఒకే సందు పెట్టి గోడంటావేంటి మావా? దాన్ని తలుపంటారు."

"మన గుడిసె దీని కిందే ఉందే. అసలు గోడే లేనిదానికన్నా నయం కదా" అని అతను తల వంచుకుని కట్టేశాడు.

ఆ శ్రావణంలో వాగు వచ్చింది. నీరు సూటిగా ఆ సందు మీదే పడింది. గవరమ్మ చీలికలో బంకమన్ను కూరి, వీపు ఆనించి నిలబడింది. మరో తట్ట మన్నుతో పోతులయ్య తిరిగి వచ్చేసరికి గోడ రెండు రెక్కలుగా తెరుచుకుని ఉంది. ఆమె లేదు. వరద తీశాక ఇసుకంతా తవ్వినా దొరకలేదు.

అన్నం మాని అక్కడే పడి ఉన్న పోతులయ్యకు కలలో పసుపు చీర కట్టిన తల్లి కనిపించింది. "నా గవరమ్మ ఏదమ్మా?" అని అడిగాడు. ఆమె దానికి బదులు చెప్పలేదు. "ఈ సందులో నేనున్నాను. ఇద్దరి ఇటుకల మీద ఒక ఇటుక వేసి నన్ను మూయి" అన్నది.

తెల్లవారి అతను తాపీ పట్టాడు. రెండు వీధుల వారూ తలలు దించుకుని ఇటుకలు తెచ్చి ఒకే కుప్ప పోశారు. గోడ నిలిచింది. భార్య బొట్టు ఏ సందులో రాలిందో తెలియక, పోతులయ్య ప్రతి సందుకూ కుంకుమ పెడుతూ చివరిదాకా బతికాడు.

నేటికీ భక్తులు ఒక ఇటుక తెచ్చి, తామెరుగని ఇద్దరి ఇటుకల సందు మీద వేస్తారు. పూజారి గోత్రం అడగడు. విడిపోయిన అన్నదమ్ములు కలుస్తారని, కట్టుకున్న ఇల్లు నిలుస్తుందని నమ్మకం. పోయినవారి సంగతి అడిగితే మాత్రం తల్లి పలకదని పెద్దలు ముందే చెబుతారు. అయినా నీళ్ళలో మనుషులను పోగొట్టుకున్నవారు ఏటా వస్తారు. ఇటుక వేస్తారు, అడుగుతారు, పొద్దు గూకేదాకా కూర్చుని వెళ్ళిపోతారు.