ముంగిస పైడి నల్లరాయిని కొట్టిన రోజు

రెండు గుట్టల నడుమ పారే వాగు పక్కన ఒక నల్లబండ ఉండేది. చుట్టూ అంచు గట్టులా లేచి, మధ్యలో బల్లపరుపుగా, చేత్తో తడిమితే జారిపోయేంత నున్నగా ఉండేది. నీళ్ళ ఒరిపిడికి దాని అంచుల్లో ఆరు గుంటలు పడ్డాయి. ఆ అడవిలోని జంతువులు దాని మీద గుంటలాట ఆడేవి. వెదురుపుల్లతో తెల్లరాయిని కొట్టాలి. అది దొర్లుకుంటూ వెళ్ళి వెలగ పిందెకు తగలాలి. పిందె గుంటలో పడాలి; తప్పితే ఆట అవతలివాళ్ళ చేతికి పోతుంది. ఒకరివి పచ్చి పిందెలు ఏడు, మరొకరివి ఎండినవి ఏడు. తమ ఏడూ అయ్యాక, బండ మీద మిగిలిన నల్లరాయిని ఎవరు ముందు గుంటలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఏటా శివరాత్రి వెళ్ళాక పోటీ జరిగేది. గెలిచినవారికి వేసవంతా మడుగు ఒడ్డున, నేరేడు చెట్టు నీడలో కాపురం. ఎండల్లో ఆ చుట్టుపక్కల ఎండని మడుగు అదొక్కటే. అందుకని పేరుకు ఆటే అయినా దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకునేవారు కాదు.

పైడి అనే ముంగిసకు ఆ ఆటలో ఉన్నంత మంచి చెయ్యి ఇంకెవరికీ లేదు. తెల్లరాయి ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పి, సరిగ్గా అక్కడే ఆపేది. అయినా వరసగా మూడేళ్ళు చివరి ఆటలో ఓడిపోయింది. మూడుసార్లూ గెలిచింది జంబయ్య అనే నక్క.

జంబయ్య పుల్ల పట్టి సాధన చేసింది తక్కువ; అదృష్టంతోనే చివరి ఆటదాకా వచ్చేవాడు. చివరి ఆట రోజు పొద్దున్నే పైడి బొరియ ముందుకొచ్చి కూర్చునేవాడు.

"అమ్మకు ఒంట్లో బాగాలేదు చెల్లెమ్మా. నేను గెలిచానంటే ఆ సంతోషంతోనైనా లేచి నాలుగు ముద్దలు తింటుంది" అన్నాడు మొదటి ఏడు.

"ఈసారి గెలవకపోతే నా పిల్లలు నా మొహం చూడరు" అన్నాడు రెండో ఏడు.

మూడో ఏడు మాటలు కూడా ఖర్చు చెయ్యలేదు. వచ్చి కూర్చుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అదే చాలింది.

పైడి కావాలని ఓడిపోయేది కాదు. నల్లరాయి దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే మెత్తబడేది. రాయి గుంట అంచుదాకా వెళ్ళి ఆగిపోయేది. జంబయ్య వచ్చి దాన్ని ఇంత నెట్టేవాడు.

పైడికి ఆట నేర్పింది ఎలుగు తాత. నాలుగో ఏడు పోటీ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం, చింతచెట్టు కింద మోకాళ్ళ నొప్పితో కాళ్ళు చాపుకుని కూర్చుని అడిగాడు.

"అమ్మాయీ, నల్లరాయి దగ్గర నీ చెయ్యి ఎందుకు మెత్తబడుతుంది?"

"అమ్మకు బాగాలేదన్న జంబయ్య అన్న మొహం గుర్తొస్తుంది తాతా. నేను గెలిస్తే వాళ్ళు ఇంటికెళ్ళి ఏడుస్తారేమో అనిపిస్తుంది."

"నువ్వు ఓడినప్పుడు ఏం చేస్తావు?"

పైడి తోకతో నేల మీద మట్టిని అటూ ఇటూ సర్దింది. "ఇంటికెళ్ళి ఏడుస్తాను" అంది చిన్నగా.

"మరి ఆ ఏడ్చే పిల్ల మీద నీకు జాలి లేదా?"

పైడి తాత మోకాళ్ళ వైపు చూసింది. "ఈసారి నీకోసం గెలుస్తాను తాతా. మడుగు పక్కనుంటే నీకు ఈ మోకాళ్ళతో నీళ్ళకోసం గుట్ట దిగే బాధ ఉండదు" అంది.

"నాకోసమైతే వద్దు. నువ్వు తాతకోసం అంటావు, వాడు అమ్మకోసం అంటాడు. తాత ఎక్కువా అమ్మ ఎక్కువా అని తూచుకుంటూ నిలబడతావు, చెయ్యి మళ్ళీ జారుతుంది. నన్ను పక్కన పెట్టు. నీకు గెలవాలని ఉందా లేదా?"

"ఉంది."

"వినపడలేదు."

"నాకు గెలవాలని ఉంది తాతా. చాలా ఉంది." ఆ మాట అనేసి పైడి సిగ్గుతో అతని బొచ్చులో మొహం దాచుకుంది.

తాత పంజా బరువు పడకుండా వీపు నిమిరాడు. "ఆకలేస్తోందని చెప్పడానికి సిగ్గుపడతామా? ఇదీ అలాంటిదే" అన్నాడు.

పోటీ రోజు పొద్దున్నే జంబయ్య వచ్చాడు. ఈసారి మొహం మరీ వాడిపోయి ఉంది.

"అమ్మ ఈ వేసవి దాటదంటున్నారు చెల్లెమ్మా. ఆ నేరేడు నీడలో నాలుగు రోజులుంటే బతుకుతుందేమో."

పైడి కళ్ళు చెమ్మగిల్లాయి. దగ్గరికొచ్చి అతని కాలి మీద చెయ్యి వేసింది. "అమ్మను తీసుకొచ్చెయ్ అన్నా. నేను గెలిస్తే ఆ నీడలో నేనే చోటిస్తాను. నువ్వు గెలిస్తే నువ్వివ్వు. ఎవరు గెలిచినా అమ్మకు నీడ దొరుకుతుంది. ఇక మనం నిశ్చింతగా ఆడుకోవచ్చు."

ఇలాంటి జవాబు జంబయ్య లెక్కలో లేదు.

కొంగ మామ ఒంటికాలి మీద నిలబడి ఆట మొదలుపెట్టించాడు. పైడి చకచకా ఆరు పిందెలు వేసి, ఏడోదాని దగ్గర తొందరపడి తప్పింది. జంబయ్యకు అదృష్టం కలిసొచ్చింది. అతని ఏడూ ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. నల్లరాయి గుంటకు జానెడు దూరంలో ఉంది. చూస్తున్నవాళ్ళంతా ఆట అయిపోయిందనుకున్నారు.

కానీ ఈ మూడేళ్ళలో జంబయ్య నల్లరాయిని నిజంగా కొట్టిందే లేదు. గుంట అంచున ఆగినదాన్ని నెట్టడమే అతనికి తెలుసు. జానెడు దూరం అతనికి ఆమడ దూరంలా కనిపించింది. గట్టిగా కొట్టాడు. రాయి గుంట పెదవికి తగిలి ఎగిరి బండ అవతలి కొసకు పోయింది.

పైడి మిగిలిన పిందెను వేసింది. నల్లరాయి దూరంగా ఉంది, దారి వంకరగా ఉంది. పుల్ల ఎత్తి తలెత్తేసరికి ఎదురుగా జంబయ్య కళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు. పైడి చెయ్యి మెత్తబడింది. పుల్ల కిందికి దించింది. ఊపిరి పీల్చుకుని, తనలో తనే ఏదో అనుకుంది.

"ఏమన్నావమ్మా?" అన్నాడు కొంగ మామ.

"ఏం లేదు మామా. నాకు గెలవాలని ఉంది అన్నాను."

ఈసారి రాయిని తప్ప దేన్నీ చూడలేదు. తెల్లరాయి పక్క అంచుకు తగిలి మళ్ళి వచ్చి నల్లరాయిని తాకింది. నల్లరాయి నింపాదిగా దొర్లింది. గుంట అంచున ఆగలేదు.

అందరూ ఆమెను చుట్టుముట్టారు. ఎలుగు తాత దూరం నుంచే తలూపాడు. పైడి మాత్రం గుంపులోంచి దారి చేసుకుని జంబయ్య దగ్గరికొచ్చింది.

"పద అన్నా, అమ్మను తీసుకొద్దాం. ఎండ ఎక్కకముందే వెళితే మంచిది."

జంబయ్య నేల చూపులు చూశాడు. "అమ్మకేం కాలేదు. గుట్ట అవతల ఎలుకల్ని తరుముతోంది. ఇప్పుడే కాదు, ఏ ఏడూ ఏం కాలేదు."

తిడుతుందనుకున్నాడు. పైడి ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "బాగుందా? పోన్లే, భయపడి చచ్చాను" అంది.

ఓడినందుకు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి జంబయ్యకు. అవి తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. "నాకు నల్లరాయిని కొట్టడం రాదు చెల్లెమ్మా" అన్నాడు.

"రేపటినుంచి రా, నేర్పుతాను. కానీ వచ్చే ఏడు నిన్ను గెలవనివ్వను."

మర్నాడు జంబయ్య సొంత పుల్ల కోసుకుని, మొదటిసారిగా ఆటకోసం ఆ బండ దగ్గరికొచ్చాడు.

నీతి: మనసు ఎంత మెత్తనిదైనా గెలవాలన్న కోరికను దాచుకోనక్కర్లేదు, ఆ కోరిక లేనిదే ఎంత మంచి చెయ్యి అయినా చివరి దెబ్బ దగ్గర జారిపోతుంది.