సీసాలో దూది

నాగులమెట్ట ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే కిటికీ దగ్గర పేర్లు పెట్టి పిలవడం ఎందుకు మానేశారని అడిగితే, కొత్త చట్టం వచ్చింది కాబట్టి మానేశారని ఆ ఊళ్ళో అందరూ చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. తేదీలు చూసినవారి ముందు మాత్రం ఆ మాట నిలవదు.

ఆ కిటికీ వెనుక సన్యాసిరావు అనే ఫార్మసిస్టు ఉండేవాడు. మాత్రల లెక్కలో ఎంత నిక్కచ్చి మనిషో, ఎదుటివారి మాట వినడంలో అంత అసహనం గలవాడు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒకరి మందు మరొకరికి వెళ్ళిన సందర్భం ఒక్కటే. ఒకే పేరున్న ఇద్దరు స్త్రీల సీసాలు తారుమారయ్యాయి. సాయంత్రంలోగానే సంగతి బయటపడి ఎవరికీ హాని జరగలేదు గాని, ఆ భయం అతన్ని వదల్లేదు. అప్పటినుంచి పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, మూడూ వరండా అంతా వినబడేలా చదివి, మనిషి ఎదుటికి వచ్చి "నేనే" అన్నాకే సీసా చేతికిచ్చేవాడు. తన పద్ధతిలో లోపముందని అతనికి ఎన్నడూ తోచలేదు.

మందు తీసుకునేవారు నెలనెలా పాత సీసా వెంట తేవాలి. మిగిలిన మాత్రలు లెక్కపెడితే రోజూ వేసుకుంటున్నారో లేదో తెలుస్తుంది. చాలా సీసాల్లో దూది కుక్కి ఉండేది. సన్యాసిరావు దాన్ని లాగి బుట్టలో పారేసి, "ఇది మందు సీసానా, దిండా? చెమ్మ పట్టి మాత్రలు పాడవుతాయని ఎన్నిసార్లు చెప్పాలి?" అని గదమాయించేవాడు. వాళ్ళు తల వంచుకుని వినేవారు. మరుసటి నెల మళ్ళీ దూదితోనే వచ్చేవారు. అది వట్టి మొండితనమని అతను తీర్మానించుకున్నాడు.

ఒక బుధవారం పైడమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె తన ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. భర్త పోయాక ఆ పనే ఆమెకు ఆధారం. అందరిలాగే, ఆసుపత్రి ఇచ్చిన తన ఆకుపచ్చ మందుల పుస్తకాన్ని కిటికీ దగ్గరి దొంతరలో పెట్టింది. కాసేపటికి, ఇంకా ఇద్దరి తరవాత తన వంతు రానుండగా, గబగబా వచ్చి ఆ పుస్తకం లాక్కుని వెళ్ళిపోయింది. సన్యాసిరావు అది చూశాడు. ఇదేం పెడసరమని లోపల్లోపల విసుక్కున్నాడు.

ఒంటిగంటకు అతను కిటికీ మూయబోతుంటే ఆమె మళ్ళీ వచ్చి నిలబడింది. వరస తప్పించుకున్నది తనే కాబట్టి రేపు రమ్మన్నాడు. నిన్న రాత్రితో మాత్రలు అయిపోయాయని, రేపు బడి మానేస్తే ఊరుకోరని ఆమె బతిమాలింది. అయితే పుస్తకం ఎందుకు తీశావని అడిగాడు.

"ఆ పక్కన టీకాల వరసలో మా ఊరి సర్పంచి కోడలు చంటిదాన్నెత్తుకుని కూర్చుంది, బాబూ. మీరు నా పేరు చదివుంటే రేపటినుంచి నా చేతి అన్నం ఏ పిల్లకీ పెట్టనివ్వరు."

తాను పిలిచేది వాళ్ళ క్షేమం కోసమేనని సన్యాసిరావు నసిగాడు. మాట తప్పించడానికన్నట్టు ఆమె పాత సీసా అందుకుని, అలవాటుగా దూది లాగాడు. అప్పుడు పైడమ్మ, అలమరలోని కొత్త సీసా ఒకటి తీసి ఊపమంది. ఊపాడు. మాత్రలు గలగలమన్నాయి.

"మా ఊరికి రెండు గంటల బస్సు. గోతిలో చక్రం పడినప్పుడల్లా సంచిలోంచి ఇదే చప్పుడు. పక్కనున్నామె ‘ఏం జబ్బమ్మా, అన్ని మాత్రలు?’ అని ఒకసారి అడిగింది. ఆ రోజునుంచి దూది పెడుతున్నాను. ఆ చప్పుడైనా, మీ కేకైనా నాకు ఒకటే."

సన్యాసిరావు ఆ సీసాలను వేలకొద్దీ అందించాడు. వాటిని సంచిలో దాచుకుని ఒక్క మైలైనా ప్రయాణం చేయలేదు.  ఈసారి నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు:

"పేరు పిలవకపోతే నువ్వే పైడమ్మవని నాకెలా తెలుస్తుంది?"

ఆమె పుస్తకం తెరిచి చూపింది. "ఇక్కడ నా ఫోటో ఉంది. పైన నంబరుంది. నంబరు పిలవండి, దగ్గరికొచ్చాక పేరు నన్నే అడగండి, మెల్లగా చెబుతాను. పైడమ్మలు పదిమంది ఉంటారు గాని ఆ నంబరు ఇంకెవరికీ ఉండదు కదా, బాబూ."

అతను నిర్ఘాంతపోయాడు. తన కేకలకన్నా ఆమె చెప్పిన పద్ధతే ఎక్కువ నిక్కచ్చిగా ఉంది. ఇద్దరి సీసాలు తారుమారైన నాడు ఈ పద్ధతే ఉండి ఉంటే ఆ పొరపాటే జరిగేది కాదు. బడిలో వంట చేసుకునే మనిషికి తోచినది ఇన్నేళ్ళుగా తనకు తోచలేదు.

ఆమెకు మందిచ్చి పంపాడు. మర్నాడు ఈ మార్పు చేస్తానంటే పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. పైనుంచి ఉత్తర్వు లేకుండా మార్చి, రేపు తేడా వస్తే ఎవరు సమాధానం చెబుతారన్నాడు. సన్యాసిరావు రిజిస్టరు తెరిచి, "నేటినుంచి పేర్లకు బదులు సంఖ్యలే పిలవబడును. పొరపాటు జరిగినచో బాధ్యత నాది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు. నీ గొంతు పోయిందా అని తోటి ఉద్యోగులు వేళాకోళం చేశారు. అతను పట్టించుకోలేదు. కిటికీ దగ్గర పొడి దూది కూడా పెట్టి, నెలనెలా మార్చుకోమని ఇచ్చేవాడు. తెలిసినవాళ్ళ కంటపడకూడదని రెండు బస్సులు మారి పొరుగు జిల్లాకు పోయేవారు ఒక్కొక్కరే నాగులమెట్టకు రావడం మొదలుపెట్టారు. పైడమ్మ బడిలో వంట చేస్తూనే ఉంది.

చట్టం చిన్నదని కాదు. నాగులమెట్టలో ఒకామె బతిమాలి సాధించుకున్నదాన్ని అది దేశమంతటికీ హక్కుగా ఇచ్చింది. అయితే హెచ్‌ఐవీతో జీవించేవారి వివరాలు గోప్యంగా ఉంచాలనే ఆ చట్టం అమలులోకి వచ్చింది 2018 సెప్టెంబరు 10న. రిజిస్టరులో సన్యాసిరావు సంతకం కింద ఉన్న తేదీ 2015 జూన్ 18.

ఎవరికోసం సేవ చేస్తున్నామో వారి మాట చివరిదాకా వింటే, ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండానే తప్పును సరిదిద్దుకోవచ్చు.