నలభైరెండు కొలనుల లెక్క

ఒకానొక రాజ్యంలో, పేరు గుర్తులేదు, పోనివ్వండి, ప్రచండవర్మ అని ఒక రాజుండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, గణితంలో తనంతవాడు లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆస్థానమంతా తాళం వేసేది, ఒక్క విదూషకుడు తిప్పన తప్ప.

ఈ తిప్పన పోరగా పోరగా రాజు సాలెవీధిలో ఒక బడి పెట్టించాడు. కోట నుంచి వచ్చిన అయ్యవారు కోటలో చెప్పే పాఠాలే ఇక్కడా వల్లె వేయించాడు. ఏడాది తిరిగింది. “ఏం చదివారో చూద్దాం” అని రాజు తన నలభైరెండో పుట్టినరోజున స్వయంగా బడికొచ్చాడు. భుజాన ఆ వీధివాళ్లు నేసిచ్చిన కొత్త ఉత్తరీయం.

తాను అల్లుకొచ్చిన లెక్కను గొంతు సవరించుకుని వినిపించాడు. తన వయసుకు గుర్తుగా నలభైరెండు, పూర్ణాయుష్షుకు గుర్తుగా నూటఇరవై!

“రాజోద్యానంలో నలభైరెండు కొలనులు. ఒక్కో కొలనులో నూటఇరవై హంసలు. మొత్తం హంసలెన్ని?”

పిల్లలు బిక్కమొహాలేశారు. ముందు వరసలో తొమ్మిదేళ్ల భద్రి మాత్రం నోరు విప్పింది.

“హంసంటే ఏంటండీ రాజుగారూ? కోడి లాంటిదా?”

రాజు మొహం కందగడ్డలా అయింది. “విన్నావా తిప్పనా! వీళ్లకి చదువొకటా? రేపట్నుంచి బడి మూసేసి ఇక్కడ గుర్రాల్ని కట్టండి!”

బడి లేకపోతే భద్రికి ఇక పొద్దస్తమానం ఇంట్లో నూలు కండెలు చుట్టడమే. ఆ పిల్ల పలకని గట్టిగా హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తిప్పన చేతులు కట్టుకున్నాడు. “చిత్తం ప్రభూ. మూసేముందు ఒక్క మనవి. తమ పుట్టినరోజు పూట పసిపిల్ల ఏడవకూడదు. ఆ ఉత్తరీయం కాసేపు దాని చేతికివ్వండి, వాళ్లింట్లో నేసిందే.”

రాజు విసుగ్గా ఇచ్చాడు. భద్రి కళ్లు తుడుచుకుని అంచు వెంట వేళ్లు పోనిచ్చింది.

“ఎన్ని పుంజాల నూలే అది?” అన్నాడు తిప్పన.

“నలభైరెండు బాబయ్యా. పుట్టినరోజు బట్టకి ఎన్నేళ్లో అన్ని పుంజాలు పెట్టాలి గదా!”

“అయితే పోగులెన్ని?”

“ఐదువేల నలభై!” బడి బడంతా ఒక్క గొంతుతో అరిచింది.

రాజు ఉలిక్కిపడ్డాడు. తన హంసల జవాబూ అదే! ఆ గుణకారం తేల్చడానికి తాను మూడుసార్లు పలక తుడిచాడు మరి.

ఇంతలో భద్రి వేలు ఒకచోట ఆగింది. “ఇదిగో, ఇక్కడ పోగు తెగింది. అతికింది మా అమ్మ.”

రాజు వంగి చూశాడు. ఏమీ కనబడలేదు. బొటనవేలితో రుద్ది చూశాడు. ఏమీ తగల్లేదు. అమ్మ బాబోయ్, ఐదువేల పోగుల్లో ఒక్క పోగు! ఇంత విద్య తన రాజ్యంలో ఉందని ఇన్నాళ్లూ తనకి తెలియనే తెలియదు.

“మరి ఇందాక నా లెక్క చెప్పలేదేం తల్లీ?” అన్నాడు మెల్లగా.

జవాబు తిప్పన ఇచ్చాడు. “పుంజమంటే నూటఇరవై పోగులు ప్రభూ. ఈ వీధిలో అది ఉయ్యాల్లో పిల్లలకీ తెలుసు. తమరు అడగాల్సింది లెక్క. అడిగింది హంసల్ని.”

భద్రి కళ్లు ఇంతింతయ్యాయి. “అంటే కొలనుకో పుంజం హంసలా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా రాజుగారూ!”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. “నన్ను బోల్తా కొట్టించావు కదయ్యా తిప్పనా! ఏం కావాలో కోరుకో.”

“బడి ఉండాలి. అయ్యవారు నెల్లాళ్లు మగ్గం దగ్గర కూర్చుని రావాలి. పిల్లలు చూడ్డానికి ఒక జత హంసలు కావాలి.”

మూడూ జరిగాయి. పైగా తిప్పనకి బంగారు కడియం కూడా దక్కింది.

ఆ తర్వాత సభలో ఏ పండితుడైనా ఫలానావాళ్లకి చదువు రాదంటే, రాజు నవ్వి ఆ ఉత్తరీయం అతని చేతికిచ్చేవాడట. “ఇందులో ఒక అతుకుంది. ఎక్కడుందో చూపించు” అనేవాడట. ఒక్కరికీ దొరకలేదు.